రేకులు కొట్టే పనేనా? అవును, రేకులు కొట్టే పనే!

నిన్న మిర్యాలగూడలో మా చుట్టాలింట్లో గృహప్రవేశం. అన్నాల దగ్గర పదిమంది వినేలా మా పెద్దనాయన అడిగాడు: "ఏం రా, ఇంకా ట్రైనింగేనా? విమానం రేకులకు మేకులు కొట్టుడు నేర్సుకోవటానికి ఇన్నేండ్లా? మీ నాయన ఏ చదువు లేకుండనే మిల్లుల కొడ్తుండు కదరా!" అందరూ నవ్వారు. నా పక్కనే ఉన్న మా నాయన తల ఎత్తలేదు. విస్తరిలో అన్నం కలుపుతూనే ఉన్నాడు, ఒక్క ముద్ద తినలేదు. రాత్రంతా నాకు నిద్ర లేదు. చుట్టాలు చూస్తే చూడనీ, రాస్తున్నా.

అవును, రేకులు కొట్టే పనే. ఆ రేకు మీద మామూలు పెన్సిల్‌తో గీత కూడా గీయకూడదు తెలుసా? పెన్సిల్‌లోని గ్రాఫైట్ తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. పోనీ సూదిమొనతో గీద్దామంటే, ఆ గీతే రేపు పగులవుతుంది. మొదటి వారంలో నేను జేబులోంచి పెన్సిల్ తీస్తే మా సార్ ఉరికొచ్చి చేయి పట్టుకున్నారు. రివెట్, అదే రేకులను అతికే మేకు, ఎంత లావుంటే దానికి కనీసం రెండింతల దూరంలో రేకు అంచు ఉండాలి. కొట్టాక అవతల వచ్చే తల ఆ లావుకు ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు రావాలి. గేజ్ పెట్టి చూస్తారు. తేడా వస్తే రంధ్రం పెద్దది కాకుండా డ్రిల్‌తో తీసి మళ్లీ వేయాలి. కొన్ని రివెట్లయితే ఫ్రీజర్‌లో దాస్తారు, బయటికి తీసిన కొద్ది నిమిషాల్లో కొట్టకపోతే గట్టిపడిపోతాయి.

ఇవతల నేను రివెట్లు కొట్టే గాలి గన్ పట్టుకుంటే అవతల ఇంకొకరు ఇనుప దిమ్మ, అదే బకింగ్ బార్, ఆనించి పడతారు. మధ్యలో రేకు. ముఖం కనపడదు, ఆ మోతలో మాట వినపడదు. అవతలి మనిషి రేకు మీద తట్టడమే మాట. ఒకసారి తడితే ఇంకా కొట్టు, రెండుసార్లు తడితే బాగుంది, మూడుసార్లు తడితే చెడింది తీసెయ్. మొదటి రోజు నాకు దాదాపు అన్నీ మూడు తట్లే. గన్ కింద పెట్టి ఇంటికెళ్లిపోదామనిపించింది.

1978లో ఒసాకాలో ఒక జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం తోక రన్‌వేకి రాసుకుంది. వెనక ప్రెషర్ బల్క్‌హెడ్‌కి, అంటే లోపలి గాలి బయటికి పోకుండా తోక వైపు ఆపే గోడకి, అతుకు వేసేటప్పుడు రెండు వరసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక్క వరస మీద పడేలా వేశారు. ఏడేళ్లు బాగానే ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ అతుకు తెగింది, 520 మంది చనిపోయారు. చైనా ఎయిర్‌లైన్స్ విమానానికీ 1980లో అలాగే తోక రాసుకుంటే, దెబ్బతిన్న రేకు మీద గీతలు ఉండగానే పైన ఇంకో రేకు వేసి మూసేశారు. 22 ఏళ్ల తర్వాత, 2002 మేలో, గాల్లోనే ముక్కలైంది. 225 మంది. పెద్దనాయనా, ఇవి రెండూ ఇంజిన్ చెడి కూలినవి కావు. రేకులు సరిగ్గా కొట్టక కూలినవి.

ఇక మా నాయన మాట. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో ధాన్యం ఎలివేటర్లకు, గొట్టాలకు రేకు వంచి అతికే పని 30 ఏళ్లుగా చేస్తున్నాడు. పోయిన నెల నా టెస్ట్ పీస్ ఇంటికి తెచ్చి చూపించాను. అద్దాలు కూడా పెట్టుకోలేదు. బొటనవేలు గోరు రివెట్ల వరస మీద మెల్లగా నడిపించి, ఐదోదాని దగ్గర ఆపి, "ఇది లేసింది రా" అన్నాడు. మా సార్ గేజ్ పెట్టి తప్పుపట్టింది కూడా ఆ ఐదోదాన్నే! విమానానికి ప్రతి అతుకూ రిపేర్ మాన్యువల్ చూసే వేయాలి, కంటి అంచనా చాలదు, నిజమే. కానీ ఆ చేయి ముందు నవ్వే అర్హత నిన్న అక్కడ తిన్నవాళ్లలో ఎవరికుంది?

ఇన్నేండ్లు ఎందుకు పట్టిందో కూడా చెప్తా. ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. బ్రోచర్ నిండా విమానాలు, వంద శాతం ప్లేస్‌మెంట్. నాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కట్టాడు. రెండేళ్లలో వర్క్‌షాప్ తాళం తీసింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నది ఒకటే రివెట్ గన్, కంప్రెసర్‌లో గాలి నిలవదు. ప్రాక్టికల్ రికార్డు సీనియర్లది చూసి రాయమన్నారు. అడిగితే "పరీక్షలో 75 తెచ్చుకోండి చాలు" అన్నారు. 75 తెచ్చుకున్నా. శంషాబాద్‌లో విమానాలు రిపేర్ చేసే హ్యాంగర్‌లో అడుగుపెట్టిన రోజు, రివెట్ వేసేదాకా రేకులను కలిపి పట్టే పిన్ను, రాగి రంగు క్లీకో, ఏ సైజు రంధ్రానికో కూడా తెలియక నిలబడ్డాను. మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటున్నా, ఆ రెండేళ్లు ఎవరిస్తారు? మన సాగర్ రోడ్డు పక్కనే ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. మన హాలియా, దేవరకొండ పిల్లలు ఆ దారిలోనే బస్సులో పోయి, గాలి లేని కంప్రెసర్‌కి లక్షలు కట్టి వస్తున్నారు.

ఫీజు రసీదులు అమ్మ బీరువాలో చీరల కింద దాచింది. పొద్దున తీసి సంచిలో పెట్టుకున్నా. సోమవారం ఆ ఇన్‌స్టిట్యూట్‌కి పోతున్నా. మా బ్యాచ్ వాళ్లు ఎవరైనా ఇది చూస్తే మీ రసీదులు కూడా పట్టుకుని రండి.