ముద్ర సరే, చూసే కన్ను?

(మావయ్య వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. మేనకోడలు విశాఖ కోర్టులో జూనియర్ లాయరు. ఆ రోజే ఒక దొంగతనం కేసులో వేలిముద్రల నిపుణుణ్ని క్రాస్ ఎగ్జామిన్ చేసి వచ్చింది. సాయంత్రం, ఆర్‌కే బీచ్‌లో టీ బండి దగ్గర.)

మావయ్య: ఏమ్మా, మావాణ్ని బోనులో గంటసేపు నిలబెట్టి ఉతికేశావట? వేలిముద్రనే నమ్మకపోతే ఇంక దేన్ని నమ్ముతారు మీరు?

మేనకోడలు: ముద్రని కాదు మావయ్యా, భూతద్దం పట్టుకున్నాయన్ని అనుమానించాను. అసలు మీ విద్య పుట్టుకే చూడు. 1858లో బెంగాల్లో హెర్షెల్ దొర, కంకర సప్లై చేసే కోనాయ్ చేత కాంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు ‘ఆ సంతకం నాది కాదు’ అనకుండా భయపెట్టడానికి! ఆ మాట దొరే రాసుకున్నాడు.

మావయ్య: పుట్టుక ఎలాగైతేనేం, పెరిగింది లెక్కల్లో. పట్టుబడ్డ దొంగ పేరు మార్చి చెబితే వేల కాగితాల్లో వాడి పాతది ఎలా తీస్తావు? కలకత్తాలో అజీజుల్ హక్, పది వేళ్లలో సుడులు ఎక్కడెక్కడున్నాయో చూసి 1024 అరల లెక్క కట్టాడు. హేమచంద్ర బోస్ తోడయ్యాడు. 1897లో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో అక్కడే పెట్టారు. పద్ధతికి పేరు మాత్రం పై ఆఫీసరు హెన్రీది. ఆఫీసులన్నాక అంతేలే.

మేనకోడలు: లెక్క సరే, ముద్రే అరిగిపోతే? జాలరిపేటలో నా క్లయింటు ఒకాయన ఉన్నాడు. తాళ్లు లాగి లాగి, రేషన్ మిషన్లో వేలే పడదు.

మావయ్య: అరిగింది పైచర్మం. గీతల అచ్చు లోపలి పొరలో ఉంటుంది, తల్లి కడుపులోనే పడిపోతుంది. కొన్నాళ్లు తాడు వదిలితే మళ్లీ తేలుతుంది. అది సరే, 1892లో అర్జెంటీనాలో రోహాస్ అనే ఆవిడ ఇద్దరు పిల్లలు హత్యకు గురయ్యారు. ఆవిడ తెలిసిన మగమనిషి మీద చెప్పింది. పోలీసులు వాణ్ని చిత్రహింసలు పెట్టారు. తీరా తలుపు మీద నెత్తుటి బొటనవేలి ముద్ర ఎవరిది? తల్లిదే! ఆ ముద్రే లేకపోతే వాడి గతేమిటి?

మేనకోడలు: అక్కడ ముద్ర స్పష్టం, పోల్చాల్సింది ఇద్దరినే. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్లప్పుడు సంచి మీద దొరికింది అరకొర ముద్ర. అమెరికాలో ఒక లాయరుదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. కోర్టు పెట్టిన నిపుణుడూ ఔనన్నాడు. ఆ లాయరు రెండు వారాలు జైల్లో ఉన్నాక స్పెయిన్ పోలీసులు ‘కాదు, ఇది అల్జీరియా మనిషిది’ అన్నారు. మొదటివాడు ఔనన్నాడని తెలిశాక రెండోవాడి కంటికి ఔననే కనబడుతుంది మావయ్యా. చట్టం కూడా మీ మాటని ‘అభిప్రాయం’ అనే అంటోంది. 1872 సాక్ష్యాల చట్టంలో 45వ సెక్షన్, ఇప్పుడు కొత్త చట్టంలో 39.

మావయ్య: అభిప్రాయమంటే నోటికొచ్చింది కాదు కదా. గీత ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగింది, ఒక్కొక్కటీ గుర్తు పెట్టి చూపిస్తాం. పోనీ, ఇద్దరు విడివిడిగా చూడాలంటావా? ఒకరి జవాబు ఇంకొకరికి చెప్పకుండా? దానికి ఒప్పుకుంటాను.

మేనకోడలు: ఈ రోజు కోర్టులో నేనడిగిందీ అదే. ‘నా సీనియర్ చూసేశాక నాకిచ్చారు’ అన్నాడు. నువ్వు చెప్పు, సర్వీసులో ‘తేల్చలేను’ అని ఎప్పుడైనా రాశావా?

మావయ్య: రాయకేం, చాలాసార్లు రాశాను. రాసినప్పుడల్లా పైనుంచి ఫోనే. ‘కేసు పోతుందయ్యా, ఇంకోసారి చూడు’ అని.

మేనకోడలు: చూశావా మరి?

మావయ్య: ...టీ చల్లారిపోతోంది, తాగు.