రోహిణి కార్తెలో మింక్ కోటు

పటమటలోని మా పిన్నికి మింక్ బొచ్చు కాలరున్న కోటు ఒకటి ఉంది. అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకు పన్నెండేళ్ళ కిందట తెచ్చి ఇచ్చిన ఆ కోటును ఆమె ఇనప బీరువాలో, పట్టుచీరల పై అరలో, నాలుగు కలరా ఉండలతో సహా భద్రపరిచింది. ఏటా రోహిణి కార్తెలో, డాబా మీద ఊరమిరపకాయల చాట పక్కనే దానికీ కాసేపు ఎండ చూపించి, దులిపి, చెమటలు కక్కుతూ మడతపెట్టి మళ్ళీ లోపల పెడుతుంది. బెజవాడలో ఆ కోటుకున్న వినియోగం ఇంతవరకు ఇదే.

ఇంతటి నిత్యావసర వస్తువును లోకానికి అందించడానికి, బొచ్చు కోసమే జంతువులను పెంచే ఫర్ ఫారాలను, జంతువుల జబ్బులు మనుషులకు సోకుతాయన్న చిన్న కారణం చూపి నిషేధించాలని కొందరు శాస్త్రవేత్తలు పట్టుబట్టడం నన్ను కలచివేసింది. మింక్ మన కృష్ణా ముఖద్వారపు మడ అడవుల్లో తిరిగే నీటికుక్కకు దాయాది. నీటి ఒడ్డున ఒంటరిగా బతికే ఈ ప్రాణిని తీగ బోనుల్లో వేల సంఖ్యలో వరుసగా బంధించి, చేపల, కోళ్ళ వ్యర్థాలను రుబ్బి ముద్దలుగా పెడతారు. మనిషి ఫ్లూ, పక్షి ఫ్లూ రెండూ దానికి సోకగలవు కనుక, ఆ రెండు వైరస్‌లు ఒకచోట కలుసుకుని జన్యువులు ఇచ్చిపుచ్చుకుని కొత్త వైరస్‌ను కనడానికి అంతకన్నా అనువైన విడిదిల్లు దొరకదు. సొంత ఖర్చుతో పందిరి వేసి ఇటువంటి సంబంధాలు కుదిర్చేవారిని తప్పుపట్టడం మర్యాద కాదని నా అభిప్రాయం.

డెన్మార్క్ అనుభవాన్నే చూడండి. 2020 నాటికి ఆ దేశంలో మనుషులు 58 లక్షలు, మింకులు కోటిన్నరకు పైమాటే. కరోనా వైరస్ పనివాళ్ళ నుంచి మింకులకు, అక్కడ కొంత రూపం మార్చుకుని తిరిగి మనుషులకు చేరింది. నవంబరులో ప్రభుత్వం దేశంలోని మింకులన్నిటినీ చంపమని ఆదేశించింది. జబ్బు సోకని ఫారాల్లోని వాటిని కూడా చంపించే అధికారం చట్టంలో లేదన్న సంగతి ఆ తరువాత బయటపడింది. వ్యవసాయ మంత్రి రాజీనామా చేశారు. ఈలోగా పశ్చిమ జట్లండ్‌లోని సైనిక భూముల్లో, లోతు చాలని గోతుల్లో పూడ్చిన కళేబరాలు కుళ్ళి ఉబ్బి, ఇసుకను తోసుకుంటూ పైకి లేచాయి. కాలువలోంచి తీసిన పూడికను ఆ గట్టు మీదే పోసి, మొదటి వానకే అది తిరిగి కాలువలోకి దిగడాన్ని ఏటా వీక్షించే బెజవాడ వాసులకు ఇందులో వింతేమీ కనిపించదు. మరుసటి ఏడాది వాటన్నిటినీ తవ్వి తీసి కాల్చారు. పరిశ్రమకు పరిహారంగా సుమారు 1900 కోట్ల క్రోనర్ల (అక్కడి డబ్బు) మేరకు ఒప్పందం కుదిరింది. కోటు అమ్మిన లాభం ఫారం వారిది, జబ్బు ఊరందరిది, బిల్లు ఖజానాది! ఇంత పేచీలేని పంపకం నేను ఏ అన్నదమ్ముల మధ్యా చూడలేదు. అందుకేనేమో, మింకుల పెంపకంపై పెట్టిన తాత్కాలిక నిషేధం 2022తో ముగియగానే మళ్ళీ అనుమతించారు.

నెదర్లాండ్స్‌కు ఇంత ఓపిక లేదు. 2024 దాకా ఉన్న గడువును 2021 ఆరంభానికే లాగి ఫారాలను మూసేసింది. 2022 అక్టోబరులో స్పెయిన్‌లోని గలీసియాలో ఒక ఫారంలో బర్డ్ ఫ్లూ ప్రవేశించి, ఒక బోను నుంచి మరో బోనుకు పాకిన తీరు చూసి అక్కడి యాభై వేలకు పైగా మింకులను వధించారు. ఫిన్లాండ్‌లో 2023లో అదే జబ్బు నక్కల ఫారాలకూ వచ్చింది. షెడ్లకు గోడలు లేవు, కనుక మేత కోసం సీగల్ పక్షులు నిరాటంకంగా రాకపోకలు సాగించాయి. మరుసటి ఏడాది ఆ ప్రభుత్వం ఫారం పనివాళ్ళకు బర్డ్ ఫ్లూ టీకాలు వేయించడం మొదలుపెట్టింది. పొయ్యి ఆర్పకుండా ఇంటిల్లిపాదికీ బర్నాల్ పంచిన ఆ దూరదృష్టికి నమస్కరించాలి.

గిట్టనివారు ఇక్కడ మన కోళ్ళ సంగతి ఎత్తుతారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చుట్టూ కిలోమీటరు మేర ఆంక్షలు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. గుంటూరులో ఆదివారం పూట కూడా చికెన్ కొట్లవాళ్ళు ఈగలు తోలుకున్నారు. కడుపులోకి వెళ్ళే కోడి విషయంలోనే ఇంత జాగ్రత్త పడినవాళ్ళం, బీరువాలోకి వెళ్ళే బొచ్చు కోసం అంతకుమించిన ప్రమాదాన్ని ఎందుకు భరించాలని వారి వాదన. దీనికి నా వద్ద సమాధానం ఉంది కానీ, పిన్నిని అడిగి చెప్పవలసి ఉంటుంది.

మన ప్రభుత్వం కూడా 2017 జనవరిలో మింక్, నక్క, చించిల్లా (ఎలుక జాతి ప్రాణి) తోళ్ళ దిగుమతిని నిషేధించింది. ఆ ఏడాది మే నెలలో బందరు రోడ్డు మీద నడిచిన జనం మింక్ కోట్లు లేక ఎంత అల్లాడారో ఏ పత్రికా రాయలేదు.

మొన్న పటమట వెళ్ళేసరికి కోటు బీరువాలో లేదు, దుమ్ము పడకుండా ఇన్వర్టర్ మీద కప్పి ఉంది. పక్కనే ఎలక్ట్రీషియన్ నిలబడి, "అమ్మా, దీనివల్లే గాలాడక వేడెక్కి బోర్డు కాలిపోయింది" అంటున్నాడు. పిన్ని నా వైపు తిరిగి, "ఇట్టాంటివాటికి ఆ దేశాల్లో పరిహారం ఇస్తారన్నావుగా నాయనా, మనం ఎవరికి అర్జీ పెట్టాలి?" అని అడిగింది.