రూపాయి పని లేని బొలెరో

నల్గొండ జిల్లాలో అమ్మకానికి వచ్చే ప్రతి పాత బొలెరోనూ ఒక రిటైర్డ్ హెడ్మాస్టరే వాడి ఉంటాడు. ఆయన గేరు వేసే ముందు దణ్ణం పెట్టుకుంటాడు, వానలో బండి బయటికి తీయడు, నలభై స్పీడు దాటడు. బడుల్లో ఇన్ని ఖాళీలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది. పంతుళ్లంతా బొలెరోలు తుడుచుకుంటూ ఇళ్ల దగ్గరే ఉండిపోయారు.

"సింగిల్ ఓనర్ సార్, రూపాయి పని లేదు." ఈ మంత్రం చదవకుండా బండి అమ్మితే కళ్లు పోతాయని అమ్మకందారుల నమ్మకం కాబోలు. మొన్న దేవరకొండ రోడ్డులో ఒకాయన స్వరం తప్పకుండా చదివాడు. 2012 మోడల్, ఏపీ 24 నంబరు. ఆ తర్వాత రాష్ట్రం విడిపోయి టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. బండి మీటరు మాత్రం 61,000 కిలోమీటర్ల దగ్గర తపస్సులో కూర్చుంది. హైదరాబాదులో చదివే కొడుకును చూడటానికి ప్రతి శనివారం వెళ్లివచ్చేవాడినని ఆయనే చెప్పాడు. రానూపోనూ దాదాపు రెండు వందల కిలోమీటర్లు. ఆ లెక్కన ఆరేళ్లకే ఆ అంకె దాటాలి. మిగతా ఏళ్లు బండిని నెత్తిన పెట్టుకుని మోసుకెళ్లి ఉంటారు.

సీటు కవరు కొత్తది. ఎత్తి చూస్తే కింద వరిపొట్టు, ఎండిపోయిన బత్తాయి తొక్కలు, యూరియా గుళికలు. "గుడికి, కొడుకు దగ్గరికి తప్ప ఎక్కడికీ తీయలేదు సార్." ఏ దేవుడికి యూరియా నైవేద్యం పెడతారో అడుగుదామనుకున్నాను, ఈలోగా ఆయన ఇల్లాలు టీ తెచ్చింది. బానెట్ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. చల్లని ఇంజను మొరాయించడం కనబడకుండా, మేము వచ్చేలోపే స్టార్ట్ చేసి వేడెక్కించారన్నమాట. "ఎండకు సార్" అన్నాడు. బండి ఉన్నది వేపచెట్టు నీడలో, సమయం ఉదయం ఏడు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుమని పొగ, లోపల అరిగిందనడానికి గుర్తు. "పొద్దున మంచు కదా సార్, ఆవిరి." ఒకే ఉదయం, ఒకే బండి: బానెట్‌కు ఎండ, ఇంజనుకు మంచు! పక్కింటాయన వచ్చి ఇది బంగారంలాంటి బండి అని ఒట్టు వేశాడు. ఆ ఇంటి పిల్లవాడు "తాతా, నిన్న మెకానిక్ మామ..." అని మొదలుపెట్టగానే వాణ్ణి హోంవర్కు చేసుకోమని లోపలికి తరిమారు. ఆదివారం పూట.

ఇదంతా సరే. ఇంజను చెడితే రీబోరింగు చేయించి బాగుచేసుకుంటాం, డబ్బు పోతుంది, అంతే. కాగితాలు అడిగాక నాకు నవ్వు రాలేదు. ఆర్‌సీలో ఉన్న పేరు ఆయనది కాదు. పేరు మార్పుకు ఇవ్వాల్సిన ఫారం 29, ఫారం 30 ఖాళీగా, కింద సంతకాలతో సిద్ధంగా ఉన్నాయి. "పేరు మార్పుకు తొందరేముంది సార్, మేమూ చేయించలేదు."

తొందరేముందా? మోటారు వాహనాల చట్టం 1988 నుంచి ఉంది. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది. చేతులు మారుతూ పోయిన ఒక కారు కేసులో, రిజిస్టర్లో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఈ బండి ఒక కూలీ మనిషిని గుద్దితే, ఆమె ఆసుపత్రి మంచం మీద నుంచి ఎవరిని వెతుక్కోవాలి? నడిపినవాడు నాది కాదంటాడు, అమ్మినవాడు ఎప్పుడో అమ్మేశానంటాడు, ఆర్‌సీలోని మనిషికి సంగతే తెలియదు. నాలుగు వేలో ఐదు వేలో మిగుల్చుకోవడానికి ఒక మనిషి విరిగిన కాలిని ఎవరికీ చెందని లెక్కగా మార్చేస్తున్నారు, సిగ్గు లేదు!

ఆర్‌సీలో ఉన్న ఆయన ఎక్కడుంటారని అడిగాను.

"పోయి రెండేళ్లయింది సార్. ముందుచూపున్న మనిషి, ఇంకో నాలుగు ఫారాల మీద కూడా సంతకం పెట్టే పోయాడు."