కాగితాల్లో అత్తయ్య పేరు

చీపురుపల్లి స్టేషన్‌లో దిగి మా అమ్మమ్మగారి ఊరి దారిలో ఎవరిని అడిగినా "మిలట్రీ ఆయన ఇల్లా? అదిగో" అని చూపించేవారు. ఆయన మా పెద్దమామయ్య. సైన్యంలో రిసల్దారుగా రిటైరయ్యాడు. "మాది కేవల్రీరా" అనేవాడు. కేవల్రీ అంటే గుర్రాల దళమని బళ్లో చెప్పారు కదా, మరి గుర్రం ఏదని పిల్లలమంతా చుట్టుముట్టేవాళ్లం. "మా గుర్రం యాభై టన్నులుంటాది. గడ్డి తినదు, పెట్రోలు తాగుతాది" అనేవాడు.

ఆ మాట వెనకున్న చరిత్ర నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఆయన పనిచేసిన 16వ లైట్ కేవల్రీ 1776లో ఆర్కాటు నవాబు కొలువులో పుట్టింది. మన సైన్యంలో ఇప్పుడున్న ట్యాంకు రెజిమెంట్లన్నింటిలోకీ అదే పాతది, దక్షిణాది కుర్రాళ్లతో నిండే రెజిమెంటు. గుర్రాలు పోయి ట్యాంకులొచ్చినా పాత పేర్లు మాత్రం పోలేదు. ట్యాంకులో కూర్చునే జవాను ఇప్పటికీ సవారే. ఆ పైన దఫేదారు, ఇంకా పైన రిసల్దారు.

1965 సెప్టెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం నాటికి, మామయ్యకి పాతికేళ్లు. సియాల్‌కోట్ వైపు సెంచూరియన్ ట్యాంకులో గన్నరు, అంటే ఫిరంగి పేల్చేవాడు. ఆ ట్యాంకులో నలుగురుంటారు. డ్రైవరు ముందు, కమాండరు పైన, గుండు ఎక్కించేవాడు ఎడమ పక్క, గన్నరు కుడి పక్క. కమాండరుకి తల బయటపెట్టి చుట్టూ చూసే వీలుంటుంది. గన్నరుకి అదీ లేదు. కన్ను అద్దానికి ఆనించి కూర్చోవాలి. "యుద్ధం యుద్ధం అంటారు గానీ, నేను చూసింది అరచెయ్యంత. గుండ్రంగా, మధ్యలో గీతలు" అని చెయ్యి చాపి చూపించేవాడు. పేలిన ప్రతిసారీ కాలిపోతున్న ఇత్తడి గుండు తొడుగు లోపలే పడేది. పొగ, వేడి, మందు వాసన. ఎదురుగా నిలువెత్తు చెరుకు, దాని వెనక పాకిస్తాన్ వాళ్ల ప్యాటన్ ట్యాంకులు ఉన్నాయో లేవో తెలీదు. ఫిల్లోరా దగ్గర ఆ నెల 11న జరిగిన పోరు గురించి ఆయన చెప్పిందంతా చెరుకు గురించే. మా వైపూ చెరుకు పండుతుంది. మసక పడ్డాక చెరుకు గట్టు మీద మామయ్య నడవడం నేనెప్పుడూ చూడలేదు.

అదే పోరులో పూనా హార్స్ రెజిమెంటును నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ తారాపూర్ పేరు ఎత్తితే మామయ్య లేచి నిలబడేవాడు. హైదరాబాద్ సంస్థానపు లాన్సర్స్ అనే గుర్రపు దళం నుంచి భారత సైన్యంలోకి వచ్చిన అధికారి ఆయన. గాయపడ్డా వెనక్కి వెళ్లనని ముందుండి నడిపించి, సెప్టెంబరు 16న ట్యాంకు మంటల్లో ప్రాణం వదిలాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. 23న కాల్పులు ఆగాయి. బతికి బయటపడ్డ గన్నరు రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం, 56 ఏపీఓ అనే సైనిక తపాలా ముద్రతో, పైడితల్లమ్మ సిరిమాను నాటికి ఇంటికి చేరింది. అప్పటిదాకా అమ్మమ్మకి కొడుకు ఉన్నాడో లేడో తెలీదు.

యుద్ధం మూడు వారాలు. ఆ తరవాత ఆయన యాభై ఏడేళ్లు బతికాడు. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ యాభై ఏడేళ్ల గురించి.

రిటైరయ్యాక ఒక బ్యాంకులో తుపాకీ పట్టుకుని గార్డుగా చేశాడు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు మాజీ సైనికుల్లో చాలామంది బతుకు అదే. కుడి చెవి సరిగా వినపడేది కాదు. బ్యాంకుకి వచ్చినవాళ్లు, పిలిస్తే పలకడని విసుక్కునేవారు. అదే మనిషి ఊళ్లో ట్రాక్టరు మొరాయిస్తే ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు.

మామయ్య పోయిన వారానికి అసలు టెన్షన్ మొదలైంది. భర్త పోయాక భార్యకి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలు తీస్తే, అందులో ఉన్నది అత్తయ్య పేరు కాదు. మన ఊళ్లలో అప్పల లేని ఇల్లుండదు. అత్తయ్య పేరులో ఆ 'అప్పల' ఎగిరిపోయింది, చివర ఎక్కడిదో 'దేవి' చేరింది. తెలుగు రాని గుమాస్తా ఎవరో ఎన్నో ఏళ్ల క్రితం తనకి తోచినట్టు రాసుకున్నాడు. దానికి తోడు జిల్లా పేరు. ఆయన చేరినప్పుడు చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న. ఆధార్‌లో ఒక పేరు, ఒక జిల్లా. సర్వీసు కాగితాల్లో ఇంకో పేరు, ఇంకో జిల్లా. డెబ్బై ఆరేళ్ల మనిషి, తాను తానేనని రుజువు చేసుకోవడానికి పద్నాలుగు నెలలు తిరిగింది. ఒక కౌంటరు దగ్గర "మీ ఆయన బతికుండగా వస్తే ఒక్క సంతకంతో అయిపోయేదమ్మా" అన్నారట. ఆ మాట అత్తయ్య నాకు ఫోన్లో చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. నేను విదేశం నుంచి ప్రతి రెండేళ్లకీ వెళ్లాను. డ్యూటీఫ్రీలో కొన్న చాక్లెట్లు ఇచ్చాను, ఫోటో దిగాను. ఒక్కసారీ ఆయన పెన్షన్ కాగితం చూపించమని అడగలేదు.

అందుకే ఇక్కడి మన తెలుగు సంఘానికి ఈ విన్నపం. వేదిక మీద మాజీ సైనికుడికి శాలువా కప్పడం మంచిదే, మానొద్దు. కానీ ఆ ఇళ్లకి అంతకంటే ఎక్కువ అక్కరకొచ్చే పని మన చేతుల్లో ఉంది. మనలో సగంమంది రోజంతా ఆన్‌లైన్ ఫారాలతోనే బతుకుతున్నాం. రక్షణ శాఖ పెన్షన్లు ఇప్పుడు స్పర్శ్ అనే పోర్టల్లో ఉన్నాయి. కొడుకో మేనల్లుడో పక్కన కూర్చుని లాగిన్ అయితే భార్య పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌తో సరిపోయాయో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. సరిపోకపోతే ఆయన ఉండగానే దిద్దించాలి. రెండు జిల్లాల్లోనూ సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి, దారి అక్కడ అడగొచ్చు. హిందీ, ఇంగ్లీషు వచ్చిన వాలంటీర్లు పదిమంది ముందుకొస్తే, ఊళ్లో ఎవరూ లేని ముసలివాళ్లకి వీడియో కాల్లో ఈ పని చేసిపెట్టొచ్చు.

ఇక కథలు. నా దగ్గర మామయ్య గొంతు పదకొండు నిమిషాలు ఉంది, అదీ పెళ్లిలో, వెనక సన్నాయి మధ్య. 1965లో పోరాడినవాళ్లంతా ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డవాళ్లో, దాటినవాళ్లో. మన పత్రికలో సంచికకి రెండు పేజీలు వాళ్లకి ఇవ్వాలి. కమాండరు కథే కాదు, గన్నరు కథ, వంటవాడి కథ కూడా. పోరు ఒక్కటే రాస్తే చాలదు, బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడ్డ ఏళ్లూ రాయాలి.

సంక్రాంతికి ఊరెళుతున్నాను. మా ఊరికి మూడు కిలోమీటర్లలో ఇంకో దఫేదారుగారు ఉన్నారని అత్తయ్య కబురు చెప్పింది. ముందు ఆయన కాగితాల్లో వాళ్ల ఇంటావిడ పేరు ఎలా ఉందో చూస్తాను. ఆ తరవాత ఫోన్ ఆన్ చేసి పక్కన పెట్టి, చెరుకు తోటల గురించి అడుగుతాను.