చిన్నికృష్ణుడి పంచె

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ ఉగాది సాయంత్రం ఫ్యాన్సీ డ్రెస్ ఐటెమ్‌లో ఏం జరిగిందో హాల్లో ఉన్నవాళ్ళందరూ చూశారు. రానివాళ్ళకు వాట్సాప్‌లో వీడియో చేరే ఉంటుంది. ఇంకా మూడేళ్ళు నిండని చిన్నికృష్ణుడు పిల్లనగ్రోవి పట్టుకుని స్టేజీ మధ్యకి వచ్చి, కదలకుండా నిలబడిపోయాడు. పసుపు పంచె మోకాళ్ళ దాకా తడిసింది. "యమున స్టేజీ మీదికే వచ్చేసిందండోయ్!" అని మైకులో జోకు. హాలంతా ఘొల్లున నవ్వు. ముందు వరసలోంచి ఎవరో "షేమ్ షేమ్" అని చప్పట్లు కూడా కొట్టారు. వాళ్ళమ్మ వాణ్ణి చంకనేసుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. భోజనాలకు కూడా ఆగలేదు.

నేనూ నవ్వాను. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆ పంచె కట్టింది నేనే. జారిపోకుండా నడుము చుట్టూ నాలుగు పిన్నీసులు పెట్టాను. ఆ తర్వాత దీపప్రజ్వలన, పంచాంగ శ్రవణం, స్పాన్సర్లకు శాలువాలు, పెద్దల నాలుగు మాటలు (ఎప్పుడూ నలభై అవుతాయి). ఐదింటికి అన్న ఐటెమ్ ఆరున్నరకి మొదలైంది. ఈలోపు వాడు రెండుసార్లు నా కొంగు పట్టుకుని లాగాడు. "ఒక్క నిమిషం నాన్నా" అన్నాను. పాపం, వాడు అడగాల్సినట్టే అడిగాడు.

నవ్వు సంగతి అలా ఉంచితే, భోజనాల లైనులో విన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. "మూడేళ్ళొస్తున్నా ఇంకా బాత్రూం అలవాటు చెయ్యలేదా? మా రోజుల్లో ఏడాది తిరక్కుండానే పిల్లలు చెప్పేవాళ్ళు."

నిజమే, చెప్పేవాళ్ళు. నేను కళ్ళారా చూశాను. మా వాడికి పది నెలలప్పుడు అమ్మ ఆర్నెల్లు ఉండడానికి వచ్చింది. వచ్చిన మర్నాడే బాత్రూంలో టవల్ పరుచుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. రెండు పాదాల మీద వాణ్ణి కూర్చోబెట్టి, వీపు తన మోకాళ్ళకి ఆనించి, "ఉస్స్‌స్స్" అని సన్నగా ఊదడం మొదలుపెట్టింది. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగిన కాసేపటికి ఇంకోసారి. ఆడుకుంటున్నవాడు ఉన్నట్టుండి ఆగి కనుబొమలు ముడిస్తే చాలు, కూర మాడినా సరే, ఎత్తుకుని పరిగెత్తేది. నెల తిరిగేసరికి డైపర్లు సగానికి తగ్గాయి. ట్రైనింగ్ అయింది మనవడికి కాదు, అత్తయ్యకి అని మా ఆయన ఏడిపించేవాడు. కార్పెట్ మీద పొయ్యలేదా అంటే, పోశాడు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు డిపాజిట్‌లో కొంత కోసుకున్నారు. కానీ ఆ ఆర్నెల్లలో ఒక్కసారి కూడా అమ్మ నోటి వెంట "ఛీ" అనే మాట రాలేదు. గుడ్డతో తుడిచేసి, "అయిపోయిందా బంగారం?" అనేది.

అమ్మ వెళ్ళిపోయింది, వాడు డేకేర్‌కి వెళ్ళాడు. అక్కడ ఆ వయసు పిల్లలకు డైపర్ తప్పనిసరి. రెండు వారాల్లో కథ మొదటికొచ్చింది. మళ్ళీ మూడేళ్ళు దగ్గరపడుతుంటే, ప్రీస్కూల్లో డైపర్ పిల్లల్ని తీసుకోరని నాకు టెన్షన్ పట్టుకుంది. కమోడ్ మీద కూర్చోబెట్టి, అయ్యేదాకా లేవనివ్వలేదు. అరిచాను కూడా. వాడు బిగపట్టడం నేర్చుకున్నాడు. నాలుగు రోజులు దొడ్డికి వెళ్ళలేదు, ఐదో రోజు నొప్పికి ఒకటే ఏడుపు. డాక్టరు, ముందు మలబద్ధకం సంగతి చూద్దాం, పాటీ ట్రైనింగ్ (బాత్రూం అలవాటు) మాట నెల్లాళ్ళు ఎత్తకండి అన్నారు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే పిల్లలు ముక్కలేరని, పాదాల కింద ఒక చిన్న పీట వెయ్యమన్నారు. అమ్మ పాదాల మీద వాడికి దొరికిన ఆసరా అదేగా అనుకున్నాను.

ఇక్కడి డాక్టర్లు తొందరొద్దని ఊరికే అనరు. 1962లో మసాచుసెట్స్‌లోని పిల్లల డాక్టరు బ్రేజిల్టన్ తన దగ్గరికొచ్చే 1,170 మంది పిల్లల వివరాలు రాశారు. బిడ్డ సిద్ధమయ్యాకే మొదలుపెట్టమన్న ఆయన పద్ధతిలో, పగటిపూట అలవాటు సగటున 28.5 నెలలకు కుదిరింది. (అదే డాక్టరు 1990ల్లో పాంపర్స్ పెద్ద సైజు డైపర్ ప్రకటనలో కనిపించారు, అది వేరే సంగతి.) 27 నెలలు నిండకముందే గట్టిగా పట్టుపట్టినా పని ముందుగా పూర్తికాలేదని 2003లో ఫిలడెల్ఫియా పరిశోధకులు తేల్చారు. రెండు గంటలు పొడిగా ఉంటున్నాడా, తడిస్తే చిరాకు పడుతున్నాడా, లాగు తనే కిందికి లాక్కోగలడా, చిన్న మాట చెబితే అర్థమవుతోందా అని చూడమంటారు. రాత్రి పక్క తడపడమైతే ఐదారేళ్ళ దాకా మామూలే.

అమ్మ పద్ధతి గొప్పదా, డాక్టర్లదా అని తీర్పు చెప్పడానికి కూర్చోలేదు. సిమెంటు గచ్చు, ఒక చెంబు నీళ్ళు, మొలతాడుతో తిరిగే పిల్లాడు, రోజంతా వాడి మొహమే చూసే ఒక మనిషి ఉంటే అమ్మ పద్ధతి సాగుతుంది. మనకి కార్పెట్లు, మంచు, పొద్దున్న ఎనిమిదింటికి మీటింగులు. ఆ తీరిక ఇక్కడ ఎవరికీ లేదు, అందులో తప్పు కూడా లేదు. ఓపిక అక్కడే వదిలేసి వచ్చి, "షేమ్ షేమ్" ఒక్కటీ సూట్‌కేసులో పెట్టుకొచ్చాం చూడండి, నా బాధల్లా అదే. మా అమ్మ ఎప్పుడూ అనని ఆ మాటని మనం ఊరి పద్ధతి అంటున్నాం.

కాబట్టి కమిటీ వాళ్ళకి దండం పెట్టి అడుగుతున్నాను. ఐదేళ్ళలోపు పిల్లల ఐటెమ్‌లు శాలువాల కన్నా ముందు పెట్టండి. స్టేజీ వెనక పిల్లల్ని బాత్రూంకి తీసుకెళ్ళడానికే ఒకరికి డ్యూటీ వెయ్యండి. అద్దె హాలు బాత్రూంలో ఒక చిన్న పాటీ సీటు, ఒక పీట పెట్టించండి, పూలదండల ఖర్చులో పదో వంతు కాదు. ఆ వీడియో ఫోన్లో ఉన్నవాళ్ళు ఈ పేజీ తిప్పకముందే తీసేయండి. భోజనాల లైనులో ఆ మాటన్న ఆంటీగారూ, మీ మీద నాకు కోపం లేదు. ఒక్క శనివారం ఆ అమ్మాయి ఇంటికెళ్ళి ఆ పిల్లాడితో కూర్చోండి. మీకొచ్చిన విద్య తనకీ నేర్పండి.

కృష్ణాష్టమికి స్టేజీ వెనక డ్యూటీ మళ్ళీ నాకే వేశారు. ఈసారి పిన్నీసులు తేవడం లేదు. ఎలాస్టిక్ వేసి కుట్టిన పంచెలు ఆరు తెప్పించాను. ఉగాదినాటి పిల్లనగ్రోవి కారు వెనక సీట్లోనే ఉంది. వాళ్ళమ్మకి రెండుసార్లు మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.