పద్దెనిమిది నిండితే నాన్నకు విడుదలా?

మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో మళ్ళీ అదే మెసేజ్. ఒకడు భీమవరం నుంచి పెట్టాడు, రెండోవాడు దోహా నుంచి. సారాంశం ఇది: “కొత్త చట్టం వచ్చింది. పిల్లలకు 18 నిండితే తండ్రి మనోవర్తి కట్టక్కర్లేదు. పాత బకాయిలూ రద్దు. కాలేజీ ఫీజు మనోవర్తిలోకి రాదు. తల్లికి ఉద్యోగముంటే అసలే ఇవ్వక్కర్లేదు.”

చిల్లర సంగతులు ముందు తేల్చేద్దాం. “కొత్త చట్టం” అన్నది ఇది: 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మనోవర్తి ఇప్పించే 125 సెక్షన్ స్థానంలో, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144 వచ్చింది. బకాయిలు మాఫీ చేసే వరమేదీ అందులో లేదు. తల్లికి జీతముంటే కోర్టు ఇద్దరి సంపాదనా చూస్తుంది, అంతమాత్రాన తండ్రి వాటా సున్నా అయిపోదు. ఇక ఫీజు: 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం తిండి, బట్ట, ఇల్లు, వైద్యంతో పాటు చదువునూ మనోవర్తిలోనే కలిపింది.

కూతురి సంగతికే నాకు ఒళ్ళు మండింది. పెళ్ళికాని కూతురు తన సంపాదనతోనో ఆస్తితోనో బతకలేని స్థితిలో ఉంటే పోషించాల్సిందేనని ఆ చట్టంలోని 20వ సెక్షన్. దానికి 18 అనే గీత లేదు. 2020 సెప్టెంబరులో అభిలాష అనే అమ్మాయి మనోవర్తి కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న మేజర్ కూతురికి 125 కింద రాదు. 1956 చట్టం కింద వేరే కేసు వేసుకోవచ్చు. మెసేజ్ రాసినాయన మొదటి మాట దగ్గరే కళ్ళజోడు తీసేసినట్టున్నాడు.

మా ఊరి పక్కన ఒకాయన “నాకు ఆదాయం లేదండీ, చెరువు మా తమ్ముడిది” అంటాడు. రొయ్యల పట్టుబడి రోజు తెల్లారుజామున టార్చిలైటుతో గట్టెక్కి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) దగ్గర గొడవపడేది మాత్రం ఆయనే. కూతురు అమలాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. ఆ పిల్ల పద్దెనిమిదో పుట్టినరోజు వెళ్ళింది మొదలు ఫోనెత్తడు. కేకుతో పాటు అపాయింట్‌మెంట్ ఆర్డరు కూడా బేకరీవాడే ఇస్తాడనుకున్నాడు కాబోలు!

బకాయి రద్దన్నది ఇంకా పాపం. పిల్ల మైనరుగా ఉన్నప్పుడు ఎగ్గొట్టిన నెలలు మేజరైతే చెరిగిపోవు. కట్టకపోతే వారంటు, ఆపైన జైలు. కానీ బకాయి పడ్డ ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే ఆ డబ్బుకు వారంటు ఇస్తారు. “రద్దయిందట కదా” అని ఆ తల్లి ఊరుకుందా, ఏడాది దాటిపోతుంది. ఆ మెసేజ్ నమ్మినందుకు నష్టపోయేది తండ్రి కాదు, ఆవిడ.

కొడుకు విషయంలో మాత్రం మెసేజ్‌ది చాలావరకు నిజమే. ఆరోగ్యంగా ఉన్న మగపిల్లాడికి 18 దాటాక మనోవర్తి ఇవ్వాలని ఈ చట్టాల్లో లేదు. డిగ్రీ అయ్యేదాకా ఇమ్మన్న కోర్టులు ఉన్నాయి గానీ, అందరికీ ఆ అదృష్టం పట్టదు. ఇంటర్ మెమో చేతికొచ్చే ఏడాదే మనోవర్తి ఆగుతుంది. ఇంజనీరింగ్ మొదటి ఫీజు కట్టాల్సిందీ అప్పుడే. ఇందులో న్యాయం నాకూ కనపడదు.