ఆకలి చంపే డబ్బా గారికి 300 గ్రాముల నమస్కారాలు

మహారాజశ్రీ డబ్బా గారికి,

తిరుపతి కొర్లగుంట నుంచి 93 కిలోల 100 గ్రాముల మనిషి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. పొట్ట కూడా క్షేమమే, ఎక్కడికీ పోలేదు.

ఈ మధ్యాహ్నం, బరువు తగ్గించే గొట్టం మాత్రలని చెప్పి మిమ్మల్ని అమ్మిన దుకాణానికి వెళ్లొచ్చాను. రెండున్నరకు వెళ్లినవాణ్ణి, బయటపడేసరికి ఐదయింది. "90 రోజుల్లో బరువు తగ్గకపోతే డబ్బు వాపస్" అని మీ మెడకు కట్టిన పసుపు చీటీని నమ్మి, మూడు ఖాళీ డబ్బాలూ బిల్లూ సంచిలో వేసుకుని పోయాను. కౌంటర్లో పిల్లోడు బాగా మర్యాదస్తుడు. చెప్పులు విప్పించాడు. జేబులో ఫోను, తాళాలు, చిల్లర తీయించాడు. కాటా ఎక్కించాడు. మొదటి రోజు ఇదే కాటా మీద బూట్లతో, ఫోనుతో నిలబెట్టి రాసుకున్న బరువు 93.4. ఈరోజు 93.1.

"తగ్గారు కద సార్" అన్నాడు.

"ఎక్కడ నాయనా?"

"మూడొందల గ్రాములు. చీటీలో తగ్గకపోతే అని ఉంది సార్. ఎంత తగ్గాలో లేదు."

చీటీ మళ్లీ చదివాను. నిజమే, లేదు.

తిరుమల చిన్న లడ్డూ ఒక్కటి 175 గ్రాములు. అంటే మూడు నెలల తపస్సుకు నాలో రెండు లడ్డూలంత కూడా కరగలేదు. డబ్బా 2,999 చొప్పున మూడింటికి 8,997. గ్రాముకు 30 రూపాయలు పడింది. నేతిలో వేయించిన జీడిపప్పు కూడా ఆ ధర లేదండీ, అది తింటే కనీసం రుచైనా ఉంటుంది. మీ గొట్టాలు మింగితే గంట తర్వాత తడిసిన గడ్డి, పాత చింతపండు కలిపిన తేన్పు వచ్చేది.

ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడి (ఆకలేసింది మరి) మీ వెనకవైపు అక్షరాలను ఫోను కెమెరాతో పెద్దవి చేసుకుని చదివాను. ముందువైపు ఆకలి ఆవిరైపోతుందని బొటనవేలంత అక్షరాలు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "తక్కువ కేలరీల ఆహారం, వ్యాయామంతో పాటు వాడవలెను. ఇది ఔషధం కాదు." అయ్యా, తక్కువ తిని, రోజూ అలిపిరి మెట్లెక్కే మనిషినైతే మీతో నాకు పనేముంది? ఆ 3,550 మెట్లకు టికెట్టు కూడా లేదు.

మీలో గార్సినియా ఉందట. మలయాళీలు చేపల పులుసులో వేసే పులుపు అది. 1998లో అమెరికాలో 135 మందికి 12 వారాలు పరీక్ష పెడితే, అది మింగినవాళ్లు సగటున 3.2 కిలోలు, ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లు 4.1 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నదని తేల్చారనుకోండి. అయినా ఉత్తుత్తి మాత్ర ముందర మీరు నిలబడలేదన్నది నిజమే కదా.

మా డాక్టరు గారికి చూపిస్తే, మీరైతే ప్రాణం తీసే రకం కాదులే, మీ వంశం చరిత్ర తెలుసా అన్నారు. ఫెన్‌ఫ్లూరమిన్ అనే బరువు తగ్గించే మందు గుండె కవాటాలను పాడుచేసి 1997లో బజారులోంచి పోయింది. రిమోనాబాంట్ జనాన్ని డిప్రెషన్‌లోకి నెట్టి 2008లో యూరప్‌లో ఆగిపోయింది. సిబుట్రమిన్ గుండెపోట్లు పెంచుతోందని 2010లో అమెరికా వదిలించుకుంది, మరుసటేడు మన దేశమూ నిషేధించింది. అదే సిబుట్రమిన్‌ను దొంగచాటుగా కలిపి, అంతా మూలికలే అని అమ్మే డబ్బాలను అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ ఇప్పటికీ పట్టుకుంటూనే ఉంది. ఇప్పుడొచ్చిన సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ మాత్రం వేరు. 1,961 మంది మీద 68 వారాల పరీక్షలో సగటున 15 శాతం దాకా బరువు దింపింది. మానేసిన ఏడాదికల్లా దిగినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందట. తిరిగి రావడానికైనా ముందు పోవాలి కదా, ఆ మాత్రం పరువు దానికుంది.

ఇవన్నీ మింగేసేవాణ్ణే. మింగలేనిది ఒకటుంది.

మీ ముఖం మీద ఆకుపచ్చ బొమ్మ వేసి, "ప్రాచీన భారతీయ రహస్యం: కారల్లుమా" అని రాశారు. సాయంత్రం సంచిలోంచి డబ్బాలు తీస్తుంటే మా అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని అద్దాలు సర్దుకుంది.

"ఇది కుందేటి కొమ్ము కాదంట్రా?"

మాది పీలేరు వైపు పల్లె. గుట్టల్లో రాళ్ల సందున నాలుగు పలకల కాడలుగా మొలుస్తుందది, ఆకులుండవు. "గొర్లు తోలుకొని గుట్టకు పొయ్యేటోళ్లు నమిలేది. సద్ది కట్టుకోను ఇంట్లో సంగటి లేనోళ్లు. మీ తాత నమిల్నాడు. 1952 కరువులో గంజి కేంద్రం కాడ వరస కదిలేదాకా మీ అవ్వ గూడా నమిలిందంట" అంది. డబ్బా తిప్పి ధర చూసింది. "దీనికి దుడ్డిచ్చినావా?"

రహస్యమట! ఎవరి దగ్గర దాచావు? 1795లో మొక్కల శాస్త్రం చదివిన రాక్స్‌బర్గ్ దొర ఈ మొక్కను పుస్తకానికెక్కిస్తూ, తెలుగువాళ్లు దీన్ని 'కారల్లం' అంటారని, లేత కాడలు పచ్చివే తింటారని, చేదుగా ఉప్పగా ఉంటాయని రాసిపెట్టాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ (మన నిఘంటువు బ్రౌన్ కాదు, మొక్కల శాస్త్రవేత్త) దానికి కారల్లుమా అని పెట్టిన పేరు ఆ తెలుగు మాటలోంచే వచ్చిందంటారు. నీ పేరూ మాదే, నువ్వు మొలిచిన గుట్టా మాదే. బెంగళూరులో 50 మంది మీద 60 రోజులు చేసిన పరీక్ష 2007లో అచ్చయింది. ఆకలి, నడుము చుట్టుకొలత కాస్త తగ్గాయి గానీ, బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ చివరి ముక్క నీ కరపత్రంలోకి రాకుండా ఎవడు మింగేశాడు?

బరువు సంగతి వదిలెయ్. తినడానికి లేక మా తాత నమిలిన కాడను పొడి కొట్టి, గొట్టంలో కూరి, తిండి ఎక్కువైన మనవడికి 2,999కి అమ్మావే, సిగ్గు లేదూ? అడిగినంతా ఇచ్చి కొన్నాను చూడు, నాకూ లేదనుకో. గంజి వరసలో నిలబడ్డ మా అవ్వ ఆకలి చావాలని కోరుకోలేదురా, గంజి రావాలని కోరుకుంది.

కోపంలో మీరు కాస్తా నువ్వయింది. ఉండనీ.

మా అమ్మ మూడు డబ్బాలూ కడిగి బోర్లించి, ఆరాక ఒకదాంట్లో వేయించిన శెనక్కాయ విత్తనాలు పోసింది. రాత్రి పదిన్నరకు వంటింట్లోకి పోయి నీ మూత పట్టుకున్నాను. నొక్కి తిప్పే రకం, చెయ్యి తడిగా ఉంటే అస్సలు రాదు. తువ్వాలు తెచ్చుకుని, రెండు చేతులా పట్టి, నిమిషంన్నర కుస్తీ పట్టాను. ఆ నిమిషంన్నర ఏమీ తినలేదు. అది నీ ఖాతాలో రాసుకో.

ఇట్లు,
93.1 (శెనక్కాయలకు ముందు)

తా.క.: బిల్లు ఇంకా నా దగ్గరే ఉంది. బజ్జీల నూనె అంటి అంకెలు సగం చెరిగిపోయాయి.